హాలు మిగలాలా, ఆట మిగలాలా?

(ముంబైలోని ఆర్ట్ డెకో సినిమా హాళ్ల గురించి నగరంలోని తెలుగువారి సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

చర్చ్‌గేట్ స్టేషన్‌లోంచి బయటికి రాగానే ఎదురుగా ఈరోస్. కొలాబా మొదట్లో రీగల్. ధోబీ తలావ్ కూడలిలో మెట్రో. అక్కడికి దగ్గర్లోనే, బాంబే హాస్పిటల్ వైపు లిబర్టీ. మీలో చాలామంది ఈ నాలుగింటి ముందు నుంచీ ఎన్నోసార్లు నడిచే ఉంటారు. కొందరు లోపల కూర్చుని సినిమా చూసి ఉంటారు. నాలుగూ సినిమా హాళ్లుగా పుట్టినవే, నాలుగూ ఆర్ట్ డెకో పద్ధతిలో కట్టినవే. ఇవాళ మాత్రం దేని దారి దానిదే. మెట్రో మల్టీప్లెక్స్ అయింది. ఈరోస్‌లో పెద్ద హాలు పోయి చిన్న ఐమ్యాక్స్ వచ్చింది. రీగల్ ఒకే తెరతో నెట్టుకొస్తోంది. లిబర్టీ పేరు సినిమా ఉత్సవాలకీ కచేరీలకీ ఎక్కువగా వినిపిస్తోంది.

నా పక్షం ఏమిటో మొదట్లోనే చెప్పేస్తాను. ఇలాంటి కట్టడం వాడకం మారడం తప్పు కాదు. మారకపోతే బతకదు కూడా. అయితే ఆ మార్పులో ఏది ఉంచుకున్నాం, ఏది పోగొట్టుకున్నాం అని ఎవరో ఒకరు లెక్క అడగాలి. మనం రోడ్డు మీద నిలబడి ముందు గోడ చూసి "భలే కాపాడారు" అనుకుని వెళ్లిపోతాం. సినిమా హాలుకి అసలు ఆస్తి లోపల ఉంటుంది. వెయ్యి మంది ఒకే కప్పు కింద, ఒకే సమయంలో, ఒకే వైపు చూస్తూ కూర్చోగలిగిన గది. అలాంటి గదిని నగరం మళ్లీ కట్టుకోదు. ఈ రోజుల్లో భూమి ధరకి ఎవరూ కట్టలేరు.

ఆర్ట్ డెకో గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. 1925లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అలంకరణ కళలూ పరిశ్రమల కళలూ కలిపిన ప్రదర్శన అది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో ఆ శైలి ప్రపంచమంతా పాకింది. గుండ్రంగా తిరిగిన మూలలు, మెట్లు మెట్లుగా పైకి లేచే శిఖరాలు, కిటికీల మీద కనుబొమల్లా సాగిన సజ్జాలు, సూర్యకిరణాలు, ఉబికిన ఫౌంటెన్లు. రాయి చెక్కడం తగ్గి, కాంక్రీటు పోతపోయడం పెరిగిన కాలం అది. బొంబాయికి ఆ కాలం సరిగ్గా కలిసొచ్చింది. బ్యాక్ బే దగ్గర సముద్రాన్ని పూడ్చి కొత్త నేల తీశారు. ఖాళీ ప్లాట్లు, చేతిలో డబ్బున్న పార్సీ, గుజరాతీ వ్యాపారులు, బొంబాయి జె.జె. కళల స్కూల్‌లో చదువుకుని బయటికొచ్చిన కొత్త భారతీయ ఆర్కిటెక్టులు. ఈ మూడూ ఒకేసారి దొరికాయి.

ఓవల్ మైదానంలో నిలబడితే ఇదంతా పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. తూర్పున హైకోర్టు, యూనివర్సిటీ. విక్టోరియా రాణి కాలం నాటి గోథిక్ రాతి కట్టడాలు. పడమర వైపు తిరిగితే వరసగా ఆర్ట్ డెకో అపార్ట్‌మెంట్లు. మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఆ పడమటి వరసకి ఉత్తరం కొసన ఈరోస్. 2018 జూన్‌లో యునెస్కో ఇక్కడి ఈ రెండు శైలుల కట్టడాల్నీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తం 94 కట్టడాలు. ఈరోస్, రీగల్ రెండూ అందులో ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. ఈ నగరానికి పునాదులు తవ్వి, రాళ్లు మోసినవాళ్లలో మన తెలంగాణ ప్రాంతం నుంచి వచ్చిన కామాఠీలు ముందు వరసలో ఉన్నారు. కామాఠీపురా పేరు వాళ్లదే. తర్వాత మిల్లుల్లోకి మన పద్మశాలీలు వచ్చారు. ఈ హాళ్లు మొదలైనప్పుడు మాత్రం అవి వాళ్ల కోసం కావు. రీగల్, మెట్రో, ఈరోస్ ఇంగ్లీషు సినిమాల హాళ్లు. మన ఊళ్లలోలాగా నేల టికెట్టు అనేది ఇక్కడ లేదు. కాబట్టి వీటిని తలచుకుని "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చేవాళ్లతో నేను పూర్తిగా కలవలేను. ఆ రోజులు అందరివీ కావు. అందుకే ఇవాళ ఈ హాళ్లని ఎవరికోసం, దేనికోసం వాడుతున్నాం అన్న ప్రశ్న నాకు మరీ ముఖ్యం అనిపిస్తుంది.

ఇప్పుడు ఈరోస్ దగ్గరికి వద్దాం. 1935లో శంకుస్థాపన, 1938లో ప్రారంభం. ఆర్కిటెక్టు షొరాబ్‌జీ భేద్వార్. కట్టించింది కంబాటా కుటుంబం, అందుకే దాన్ని కంబాటా బిల్డింగ్ అని కూడా అంటారు. రెండు రెక్కలు రెండు రోడ్ల వెంట సాగి, మూలన కలుస్తాయి. కలిసిన చోట గుండ్రటి గోపురం మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. కొంత భాగానికి ఆగ్రా ఎర్ర రాయి, మిగతాదానికి మీగడ రంగు. లోపల ఫాయర్‌లో, అంటే హాలుకి ముందుండే విశాలమైన గదిలో, తెలుపు నలుపు పాలరాయి, అక్కడక్కడ బంగారు రంగు, పైకి వెళ్లే పాలరాతి మెట్లకి మెరిసే క్రోమియం రెయిలింగ్. హాలులో 1,204 సీట్లు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ కట్టడంలో మొదటి రోజు నుంచీ దుకాణాలున్నాయి, ఆఫీసులున్నాయి. సినిమా హాలు అందులో ఒక భాగం. రీగల్ కూడా అంతే. 1933లో తెరిచిన హాలు అది. వి.టి. స్టేషన్ (ఇప్పటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) కట్టిన ఫ్రెడరిక్ స్టీవెన్స్ కొడుకు ఛార్లెస్ స్టీవెన్స్ దాని ఆర్కిటెక్టు. రోడ్డు వైపు కింద అంతా దుకాణాలు. భూమి కింద కార్ల పార్కింగు, అక్కడి నుంచి పైకి లిఫ్టు. 1933లో! ఇప్పటి మాల్‌లో ఉన్నవన్నీ చిన్న ఎత్తున అక్కడున్నాయి. కాబట్టి "సినిమా హాలులో దుకాణం పెట్టారు, అపచారం" అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. దుకాణాల అద్దె లేకుండా ఈ హాళ్లు ఏనాడూ లేవు.

మెట్రో 1938లో వచ్చింది. హాలీవుడ్ కంపెనీ ఎం.జి.ఎం. తన సినిమాల కోసం తనే కట్టించుకున్న హాలు. న్యూయార్క్ ఆర్కిటెక్టు థామస్ ల్యాంబ్ గీసిన ప్లాను. 1954లో మొట్టమొదటి ఫిల్మ్‌ఫేర్ అవార్డుల సభ జరిగింది ఆ హాలులోనే. అంటే సినిమా హాలు అప్పుడప్పుడు సభామందిరం కావడం కూడా కొత్తేమీ కాదు.

మరి ఎక్కడ చెడింది? టీవీ వచ్చింది, వీడియో వచ్చింది అని అందరూ చెప్తారు. నిజమే, కానీ నన్నడిగితే అసలు దెబ్బ సినిమా విడుదల పద్ధతి మారడం వల్ల తగిలింది. పాత రోజుల్లో ఒక సినిమాకి ప్రింట్లు, అంటే రీళ్ల కాపీలు, తక్కువ. ప్రింటు అంటే డబ్బు. పెద్ద నగరంలో కూడా కొద్ది హాళ్లలోనే వేసేవాళ్లు. చూడాలంటే ఆ హాలుకే వెళ్లాలి, ఈ వారం టికెట్టు దొరక్కపోతే వచ్చే వారం వెళ్లాలి. సినిమా 25 వారాలు ఆడేది. 1994లో విడుదలైన 'హమ్ ఆప్కే హై కౌన్' లిబర్టీలో 100 వారాలు దాటి ఆడింది. 1,200 సీట్ల హాలుకి ఆ పద్ధతిలో అర్థముంది. జనం నెలల తరబడి వస్తూనే ఉంటారు.

డిజిటల్ వచ్చాక ప్రింటు ఖర్చు పోయింది. ఒకే శుక్రవారం వేల తెరల మీద సినిమా పడుతుంది. ఆదివారం సాయంత్రానికి దాని జాతకం తేలిపోతుంది. సోమవారం మ్యాట్నీకి 1,200 సీట్ల హాలులో అరవై మంది కూర్చుంటారు. ఏసీ మాత్రం మొత్తం హాలుకీ నడవాలి. అంత ఎత్తు కప్పున్న గదిని చల్లబరచడం ఎంత ఖర్చో థియేటర్ నడిపినవాళ్లకి తెలుసు. అదే చోట ఆరు చిన్న తెరలుంటే ఒకటి ఖాళీగా ఉన్నా ఇంకోటి నిండుతుంది. పైగా మల్టీప్లెక్సులు మొదలైన కొత్తలో వాటికి వినోదపు పన్నులో రాయితీలు ఇచ్చారు. ఒంటి తెర హాళ్లు పూర్తి పన్ను కట్టాయి. ఇది నాకిప్పటికీ మింగుడుపడని విషయం. పోటీ సమానంగా జరగలేదు.

దీనికి తోడు ఇంకో కష్టం ఉంది, బయటివాళ్లకి కనపడనిది. 1930ల కాంక్రీటు కట్టడం సముద్రం పక్కనుంటే ఏమవుతుంది? ఉప్పు గాలి నెమ్మదిగా కాంక్రీటులోకి దిగుతుంది. లోపలి ఇనప చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చువ్వ లావెక్కుతుంది, లావెక్కి పైనున్న కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. ముందు సన్నని పగులు, దాని వెంట గోధుమ రంగు చార, తర్వాత పెచ్చులు. హైకోర్టు రాతి గోడకి ఈ బాధ ఇంతగా లేదు. ఆర్ట్ డెకో సజ్జాకి ఉంది. మరమ్మతు చేయాలంటే పాడైన కాంక్రీటు తీసి, చువ్వ శుభ్రం చేసి, అవసరమైతే కొత్తది వేసి, మళ్లీ అదే వంపు తిరిగేలా పోయాలి. ఆ వంపు సరిగా తిప్పగల మేస్త్రీ దొరకడమే కష్టం. ఈ ఖర్చు మొత్తం టికెట్ల డబ్బుతో రాదు.

అందుకే ఒక్కొక్కటే దారి వెతుక్కున్నాయి. కొన్నింటికి దారి దొరకలేదు. వి.టి. దగ్గర న్యూ ఎంపైర్ మూతపడింది. మెట్రో 2006లో ఆరు తెరల మల్టీప్లెక్స్ అయింది. ఈరోస్ 2017లో ఆగిపోయింది. ఆ మధ్యకాలంలో దాన్ని కూల్చేస్తారని పుకార్లు పుట్టాయి, జనం గగ్గోలు పెట్టారు. చివరికి 2024 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. బయటి ఎర్ర రాయి శుభ్రపడింది, ఫాయర్ పాలరాయి మళ్లీ మెరిసింది. చూస్తే ప్రాణం లేచొచ్చింది, నిజం చెప్తున్నాను. ఆ పని చేసినవాళ్ల ఓపికకి దణ్ణం పెట్టాలి. తర్వాత అందులోనే హస్తకళల దుకాణం 'స్వదేశ్' కూడా వచ్చింది. మీలో హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకి ఆ పేరు తెలిసే ఉంటుంది, దాని మొదటి దుకాణం 2023లో జూబ్లీహిల్స్‌లోనే తెరిచారు.

కానీ లోపలికి వెళ్లి సినిమా చూద్దామంటే ఆ 1,204 సీట్ల హాలు లేదు. సుమారు 300 సీట్ల ఐమ్యాక్స్ ఉంది. మంచి తెర, మంచి శబ్దం. సినిమా బాగానే కనపడుతుంది. అయినా నేను బయటికొచ్చాక నాకు ఒకటే తోచింది. ఈరోస్‌లో ఆట మిగిలింది, హాలు పోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలో ఉంది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పారమౌంట్ థియేటర్. మన తెలుగువాళ్లు బే ఏరియాలో ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు, మీ పిల్లలే ఉండి ఉంటారు. అక్కడికి వెళ్తే ఒకసారి చూసి రండి. 1931 డిసెంబర్‌లో తెరిచారు, ఆర్కిటెక్టు టిమొతీ ఫ్లూగర్. మూడు వేలకు పైగా సీట్లు. ముందు గోడ మీద అంతెత్తున రంగు రంగుల టైల్స్‌తో చేసిన బొమ్మలు. పాపం అది పుట్టిందే ఆర్థిక మాంద్యంలో. తెరిచిన ఆరు నెలలకే కొంతకాలం మూసేయాల్సి వచ్చింది. తర్వాత కోలుకుని, చివరికి 1970లో సినిమాలు ఆపేసింది.

అప్పుడు దాన్ని కొన్నది ఎవరనుకున్నారు? సంగీత బృందం. ఓక్లాండ్ సింఫనీకి సొంత హాలు కావాల్సి వచ్చింది. 1972లో పారమౌంట్‌ని తీసుకుంది. కొత్తగా కట్టే బదులు పాతదాన్ని 1931లో ఎలా ఉందో అలా బాగుచేశారు. కార్పెట్లు పాత డిజైనులోనే మళ్లీ నేయించారు. 1973లో తెరిచారు. సింఫనీ అప్పుల్లో పడితే 1975లో హాలు నగరపాలన చేతికి వచ్చింది, ధర 1 డాలరు. 1977లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. ఇవాళ అక్కడ సింఫనీ, బ్యాలే, పాప్ కచేరీలు, హాస్య ప్రదర్శనలు జరుగుతాయి. అప్పుడప్పుడు పాత సినిమాలు కూడా వేస్తారు, ముందు ఆర్గన్ వాయిస్తారు. అక్కడ రోజువారీ ఆట పోయింది, హాలు నిలిచింది.

ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఓక్లాండ్ దారినే ఎంచుకుంటాను. సినిమా ఇవాళ ఎక్కడైనా చూడొచ్చు, చేతిలో ఫోనులో కూడా. ఆ గది ఇంకెక్కడా దొరకదు.

అయితే ఒక ఇబ్బంది కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. పారమౌంట్‌ని మొదట్నుంచీ తెర ముందు వేదిక మీద ప్రదర్శనలు జరిగేలా కట్టారు. వెడల్పు వేదిక, వాద్యకారులకి గుంట, పక్కన గదులు ఉన్నాయి. మన సినిమా హాళ్లలో చాలావాటికి తెర వెనక గోడే ఉంటుంది, వేదిక లోతు తక్కువ. నాట్యానికో నాటకానికో వాడాలంటే గ్రీన్ రూములు కావాలి, లైట్లు వేలాడదీసే ఏర్పాటు కావాలి. సినిమా శబ్దానికి కట్టిన హాలులో మైకు లేని వీణ మోగుతుందా అన్నది కూడా చూసుకోవాలి. ఇవి అసాధ్యాలు కావు, కానీ డబ్బు, సమయం పట్టే పనులు.

లిబర్టీ గురించి నాకు ఆశ ఎక్కువ. అది మిగతా మూడింటి కంటే చిన్నది, వయసులో. 1949లో మెహబూబ్ ఖాన్ 'అందాజ్'తో తెరిచింది. కట్టించింది హబీబ్ హుసేన్ అనే పత్తి వ్యాపారి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో కట్టిన హాలు, పేరూ దానికి తగ్గదే. దక్షిణ ముంబైలో ఖరీదైన హాళ్లన్నీ ఇంగ్లీషు సినిమాలకి అలవాటుపడ్డ కాలంలో హిందీ సినిమాకి ఇంత వైభవమైన ఇల్లు కట్టడం పెద్ద మాట. 'మదర్ ఇండియా' 1957లో విడుదలైంది ఇక్కడే.

లోపలి అలంకరణ వామన్ నామ్‌జోషీ చేశారు. జైపూర్ రాజ్‌మందిర్ చూసినవాళ్లుంటే, అది కూడా ఆయనదే. లిబర్టీ హాలులో కూర్చుని ఆట మొదలవక ముందు ఒకసారి తెర చుట్టూ చూడండి. గోడలకి అటూ ఇటూ ఫౌంటెన్ ఎగిసి గడ్డకట్టినట్టు ప్లాస్టర్‌లో చేసిన వంపులున్నాయి. వాటి వెనక దాచిన లైట్లు. హాలు లైట్లు తగ్గిస్తుంటే ఆ వంపులు ఒక్కొక్కటే మిగిలి వెలుగుతాయి. గోడలకి టేకు పలకలు. బాల్కనీ అంచు తిరిగిన తీరు చూస్తే చెయ్యి పెట్టి తడమాలనిపిస్తుంది. నేను తడిమాను కూడా. ప్లాన్ షీటు మీద ఈ గీత గీయడం సులువు, అంత నున్నగా కట్టి నిలబెట్టడం మేస్త్రీ గొప్పతనం.

ఆ హాలులో ఎల్జీబీటీ సినిమాల ఉత్సవం 'కశిష్' ఏళ్ల తరబడి జరిగింది. కచేరీలు, షూటింగులు జరుగుతాయి. నాకు ఇందులో ఎంతో సంతోషమనిపించేది ఏమిటంటే, ఒకప్పుడు కొందరికే తలుపు తీసిన తరహా కట్టడం ఇప్పుడు ఇంతకుముందు ఎక్కడా చోటు దొరకనివాళ్లకి చోటిస్తోంది. వాడకం మారడం అంటే ఇలా మారాలి. హాలు హాలుగానే ఉంది. వచ్చే మనుషులు మారారు.

రీగల్ సంగతి వేరు. ఛార్లెస్ స్టీవెన్స్ కట్టిన హాలుకి లోపలి అలంకరణ చెక్ కళాకారుడు కార్ల్ షారా చేశారు. లేత నారింజ, పచ్చ రంగుల్లో సూర్యకిరణాల డిజైను. తర్వాతి కాలంలో వెడల్పు తెరలొచ్చి ఇలాంటి హాళ్లన్నింటిలో తెర చుట్టూ ఉన్న అలంకరణ మీద వేటు పడింది. సినిమాస్కోప్ కోసం గోడలు మార్చారు. అంటే వాడకం మారకపోయినా హాలు మారుతూనే ఉంది. దీన్ని కూడా ఒప్పుకోవాలి. నేను 1933ని గాజు పెట్టెలో పెట్టమనడం లేదు.

మన ప్రాంతాల సంగతి క్లుప్తంగా. మన ఊళ్లలో థియేటర్ మూతపడితే కల్యాణ మండపమో, గోడౌనో అవుతుంది, లేదంటే నేలమట్టమై షాపింగ్ కాంప్లెక్స్ లేస్తుంది. కల్యాణ మండపం కావడాన్ని నేను చిన్నచూపు చూడను. పెళ్లికి వెయ్యి మంది కూర్చుంటే ఆ హాలు ఇంకా ఊరిదే. చెన్నైలో బంధువులున్నవాళ్లకి క్యాసినో థియేటర్ తెలిసే ఉంటుంది. 1940ల నాటి ఆర్ట్ డెకో హాలు, అక్కడి తెలుగువాళ్లకి తెలుగు సినిమా చూసే చోటుగా పేరు పడింది. అది ఇంకో రకం బతుకు, ఒక భాషవాళ్లు అంటిపెట్టుకుని ఉండటం వల్ల హాలు నిలవడం. మన తెలుగు సంఘాలు గమనించాల్సిన విషయం ఇది.

చివరిగా మీ ముందు రెండు కోరికలు పెడతాను. మొదటిది ప్రభుత్వాన్ని అడగాల్సింది. వారసత్వ నిబంధనలు ఎక్కువగా బయటి రూపాన్నే చూస్తాయి. సినిమా హాలు విషయంలో లోపలి హాలుని కూడా, దాని కొలతతో సహా, జాబితాలో రాయాలి. అలా రాసినప్పుడు యజమానికి ఆస్తి పన్నులో రాయితీ, మరమ్మతుకి సాయం కూడా ఇవ్వాలి. భారం మొత్తం అతని నెత్తిన పెట్టి "కూల్చకు, మార్చకు" అనడం న్యాయం కాదు. అలా చేస్తే యజమాని హాలుకి తాళం వేసి, వాన నీళ్లు కారనిచ్చి, దానంతట అదే పడిపోయే దాకా ఎదురుచూస్తాడు.

రెండోది మనల్ని మనం అడగాల్సింది. ఉగాది సభలు, కూచిపూడి ప్రదర్శనలు, శతావధానాలు మనం ప్రతి ఏడాదీ ఎక్కడో ఒక హాలు అద్దెకి తీసుకునే చేస్తాం. వచ్చే ఉగాదికి లిబర్టీ అద్దె ఎంతో, వేదిక ఎంత వెడల్పు ఉందో, మృదంగం వెనక వరసకి వినిపిస్తుందో లేదో కనుక్కుందాం. ఆ పని నేను చేస్తాను, నాతో ఇద్దరు ముగ్గురు రండి. సభ అయ్యాక నన్ను కలవండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.